ముసుగు వెనుక సహృదయుడు: ‘స్లీప్ నో మోర్’ ప్రదర్శనలో పాల్గొనే ప్రేక్షకుని స్థితి

వ్యాససంగ్రహం:
ప్రేక్షకుణ్ణి కుర్చీలోంచి లేపి, కథ జరిగే గదుల్లోకి నడిపించే ప్రదర్శనరీతిని సమకాలీన రంగస్థల విమర్శ ‘ఇమ్మర్సివ్ థియేటర్’ అంటోంది. ఈ రీతికి మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణ ‘స్లీప్ నో మోర్’. అందులో పాల్గొనే ప్రేక్షకుని స్థితిని అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నటుడికి దగ్గరగా నిలబడటం, ఇష్టం వచ్చిన దిక్కుకు నడవడం పాల్గొనడానికి కొలమానాలు కావనీ, ప్రేక్షకుని ఉనికికి ప్రదర్శనలో ఏ బాధ్యత ఉందన్నదే అసలు ప్రశ్న అనీ ఇందులో ప్రతిపాదిస్తున్నాను. చిత్తూరు ప్రాంతపు భారత ఉత్సవాలతో ఈ రీతికి తరచుగా కలిపే పోలికను కూడా ఈ సందర్భంలోనే చర్చిస్తున్నాను.

కీలకపదాలు: నిమగ్న రంగస్థలం, ప్రేక్షకుడు, సాధారణీకరణం, రసవిఘ్నాలు, మాక్‌బెత్, భారత ఉత్సవాలు.

1. ప్రవేశిక:

‘ఇమ్మర్సివ్’ అనే విశేషణానికి తెలుగులో ఇంకా స్థిరపడిన మాట లేదు. నిఘంటువును అనుసరించి ‘నిమజ్జన రంగస్థలం’ అందామంటే మన చెవికి వినాయకచవితి ఊరేగింపు వినిపిస్తుంది. ‘లీన’ అనే మాటకు వేదాంత పరిభాష అడ్డువస్తుంది. ఈ వ్యాసంలో ‘నిమగ్న రంగస్థలం’ అని వాడుతున్నాను. పనిలో నిమగ్నుడైనవాడు తన్ను తాను మరచిపోతాడు. నీటిలో నిమగ్నమైనది తడవక తప్పదు. మనసు మునగడం, ఒళ్ళు తడవడం అనే ఈ రెండర్థాల మధ్య ఎడమే ఇక్కడి చర్చకు మూలం.

ఈ రీతిపై గత పదిహేనేళ్ళలో విస్తారమైన చర్చ జరిగింది. జోసెఫీన్ మాషన్ 2013లో వెలువరించిన గ్రంథం దీనిని ఇంద్రియానుభవ ప్రధానమైన కళగా నిలబెట్టింది. అదే ఏడాది గారెత్ వైట్ ప్రేక్షకుడికి అందే ‘ఆహ్వానం’ దానికదే ఒక కళావస్తువని వాదించాడు. ప్రదర్శన నిర్మాత పిలుపునిచ్చే తీరు, ఆ పిలుపుకు పెట్టే హద్దులు, ప్రేక్షకుడు స్పందించే పద్ధతి, ఇవన్నీ విశ్లేషణకు లొంగుతాయని అతని అభిప్రాయం. ఆడమ్ ఆల్‌స్టన్ 2016లో దీనికి ఎదురుగా నిలిచాడు. చొరవ చూపినవాడికే ఎక్కువ దక్కే ఈ పద్ధతి మార్కెట్ సమాజపు పౌరుణ్ణే ప్రేక్షకుడిగా తీర్చిదిద్దుతోందన్నది అతని విమర్శ. వీరందరి వెనుక జాక్ రాన్సియేర్ ప్రశ్న ఒకటుంది. కూర్చొని చూసేవాడు నిష్క్రియుడనీ, లేచి తిరిగేవాడు క్రియాశీలుడనీ ఎవరు నిర్ణయించారు? చూడటం కూడా ఒక చర్యే కదా?

భారతీయ నాట్యశాస్త్రం చదివినవారికి ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. భరతుడు సిద్ధిని చర్చించిన అధ్యాయంలోనే ప్రేక్షకుడికి ఉండవలసిన అర్హతలను విస్తరించి చెప్పాడు. మన అలంకారికుల దృష్టిలో సహృదయుడు ఏనాడూ ఊరక కూర్చున్నవాడు కాడు. అయినా నిమగ్న రంగస్థలంపై జరుగుతున్న చర్చలో మన రసవిచారం దాదాపుగా కనిపించదు. మన విశ్వవిద్యాలయాల్లో రంగస్థలంపై పనిచేసేవారు సయితం పాశ్చాత్య పరిభాషను యథాతథంగా తెచ్చుకోవడమో, ‘ఇదంతా మన వీధినాటకంలో ఎప్పుడో ఉంది’ అని తృప్తిపడటమో చేస్తున్నారు. ఈ రెండు దారుల్లోనూ ప్రేక్షకుని అనుభవాన్ని దగ్గరగా చూడటమనే పని మిగిలిపోతోంది.

2. ప్రదర్శన స్వరూపం:

‘పంచ్‌డ్రంక్’ అనే బ్రిటిష్ బృందాన్ని ఫీలిక్స్ బారెట్ 2000లో స్థాపించాడు. అతడూ, నృత్యదర్శకురాలు మాక్సిన్ డాయిల్‌ కలిసి రూపొందించిన ‘స్లీప్ నో మోర్’ 2003లో లండన్‌లో మొదలై, 2009లో బోస్టన్ సమీపంలోని ఒక పాత పాఠశాల భవనంలో ప్రదర్శితమైంది. 2011లో న్యూయార్క్ చేరి, 2025 జనవరి వరకు అక్కడే కొనసాగింది. షాంఘై ప్రదర్శన 2016లో ఆరంభమైంది. న్యూయార్క్‌లో దీనికి ఎంచుకున్న చోటు చెల్సీ ప్రాంతంలోని పాత గిడ్డంగి భవనాలు. వాటికి ‘మెకిట్రిక్ హోటల్’ అని పేరు పెట్టారు. అలాంటి హోటల్ అక్కడ ఎన్నడూ లేదు. ఆ పేరు హిచ్‌కాక్ తీసిన ‘వెర్టిగో’ చిత్రంలోనిది.

కథ షేక్‌స్పియర్ మాక్‌బెత్‌దే. కాలం మాత్రం రెండో ప్రపంచయుద్ధానికి ముందరి దశకం. హిచ్‌కాక్ చిత్రాల నీడ అంతటా పరచుకొని ఉంటుంది. సంభాషణలు దాదాపుగా లేవు. కథ నృత్యంతో, ముఖంతో, పరుగుతో నడుస్తుంది. సుమారు వంద గదులు ఉన్న ఆ అంతస్తుల్లో ఒక ఆస్పత్రి, ఒక వీధి, అంగళ్ళు, శ్మశానం, రాజుగారి విడిది, నాట్యశాల ఉంటాయి. సొరుగు లాగితే చేతిరాత ఉత్తరాలు దొరుకుతాయి. మిఠాయి అంగడిలోని సీసా మూత తీసి మిఠాయి తినవచ్చు. పాత్రలన్నీ ఏకకాలంలో వేర్వేరు గదుల్లో తమ తమ జీవితాలు గడుపుతుంటాయి. దాదాపు గంట నిడివి ఉన్న ఈ కథాచక్రం ఒక సాయంత్రంలో మూడుమార్లు తిరుగుతుంది.

ప్రేక్షకుడికి ప్రవేశంలోనే మూడు విషయాలు జరుగుతాయి. చేతికి ఒక పేకముక్క ఇస్తారు. దాన్నిబట్టి జట్లుగా విడదీస్తారు. చీకటి నడవాలో దారి తప్పించి ఒక మద్యశాలలోకి చేరుస్తారు. పిమ్మట ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన తెల్లని ముసుగు తొడిగించి, మాట్లాడవద్దని, ముసుగు తీయవద్దని చెప్పి లిఫ్టులోకి ఎక్కిస్తారు. కలిసి వచ్చిన దంపతులను లిఫ్టు మనిషి కావాలనే వేర్వేరు అంతస్తుల్లో దింపడం కద్దు. ఆపైన ఎవరి దారి వారిది. నల్లముసుగుల సిబ్బంది తలుపుల దగ్గర నిలబడి, దాటకూడని చోట్లను మౌనంగా కాపలా కాస్తారు.

ఈ నియమావళిని ప్రదర్శనకు ముందు చెప్పే జాగ్రత్తలుగా భావించి వదిలివేయడం పరిపాటి. నా దృష్టిలో ఈ ప్రదర్శనకు లిఖితప్రతి అంటూ ఒకటి ఉంటే అది ఈ నియమావళే. నటీనటులు కొన్నేళ్ళకొకసారి మారారు, గదులు మారాయి; తెల్లముసుగు, మౌనం, విడదీత మారలేదు.

3. ముసుగు, సాధారణీకరణం:

అభినవగుప్తుడు రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ రసప్రతీతికి ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో రెండవది స్వగత పరగత నియమంతో దేశకాలవిశేషాలకు లోబడటం. రంగంపై కనబడే సుఖదుఃఖాలు ‘నావి’ అనుకున్నా, ‘ఫలానా ఇతరుడివి’ అనుకున్నా రసం పుట్టదు. నావి అనుకుంటే అవి పోతాయన్న భయం, దాచుకోవాలన్న కోరిక కలుగుతాయి. ఇతరుడివి అనుకుంటే ఉదాసీనతో ద్వేషమో కలుగుతాయి. ఈ విఘ్నానికి పూర్వరంగం, నటుని కిరీటాది వేషం, నాట్యధర్మి పరిహారాలని అతడు అంటాడు. వేషం నటుణ్ణి కప్పివేయడం వల్ల ‘ఇతడు ఫలానావాడు, ఈ ఊళ్ళో, ఈ వేళ ఏడుస్తున్నాడు’ అన్న బుద్ధి తొలగిపోతుంది. భావం ఎవరిదీ కాకుండా అందరిదీ అవుతుంది. దీన్నే సాధారణీకరణమన్నారు.

‘స్లీప్ నో మోర్’ ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. అక్కడ నటుడి ముఖం తెరిచి ఉంటుంది. కప్పివేసేది ప్రేక్షకుని ముఖాన్ని. నటుడు అడుగు దూరంలో చెమటోడుస్తూ, రొప్పుతూ, నీళ్ళతొట్టిలో దుస్తుల్లేకుండా నిలబడి రక్తం కడుక్కుంటూ ఉంటాడు. అతని దేశకాలవిశేషాలను దాచే కిరీటమేదీ లేదు. బదులుగా చూసేవాడి పేరు, వయసు, వెంట వచ్చిన మనిషి, నవ్వు, బిడియం అన్నీ తెల్లని అట్ట వెనక్కి వెళ్ళిపోతాయి. సాధారణీకరణాన్ని భావానికి కాకుండా భావకుడికే అన్వయించినట్లుగా ఉంటుంది ఈ పద్ధతి.

దీని ఫలితం తేలికైనది కాదు. ఒక గదిలో ముప్పైమంది తెల్లముఖాలతో గోడల వెంట నిలబడి ఉంటే, వారు తోటి ప్రేక్షకులుగా కాక ఆ ఇంటిని పట్టుకున్న దయ్యాల్లా కనిపిస్తారు. మాక్‌బెత్ కథలో అది అమరే దృశ్యమే. ముసుగు తొడిగినవాడికి రెండు స్వేచ్ఛలు వస్తాయి. ఒకటి, తన ముఖకవళికలను అదుపులో పెట్టుకోవలసిన పని లేదు. రెండు, ఎంతసేపయినా, ఎంత దగ్గరగానయినా కళ్ళప్పగించి చూడవచ్చు. మొదటిది సహృదయునికి మేలు చేసేదే. రెండవదానిని గురించి అంత నిశ్చయంగా చెప్పలేం. ముఖం లేని చూపు క్రమంగా ఎవరిదీ కాని చూపవుతుంది. న్యూయార్క్‌లో ఈ ప్రదర్శన నటీనటులను ప్రేక్షకులు అసభ్యంగా తాకిన సంఘటనలు 2018లో పత్రికలకెక్కాయి. వాటిని కొందరు దుష్ప్రవర్తనగల వ్యక్తుల పనిగా మాత్రమే చూడటం చాలదనుకుంటాను. ముఖాన్ని తీసేసి, చీకటినిచ్చి, ‘సాహసించినవారికే భాగ్యం’ అనే తరహా ప్రోత్సాహాన్ని చెవిలో వేసిన తరువాత ఏమేమి జరగవచ్చునన్నది ఆ రీతి తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న.

ఇటువంటి చిక్కు కొత్తది కూడా కాదు. రిచర్డ్ షెక్నర్ 1968లో న్యూయార్క్‌లోనే చేసిన ‘డయొనైసస్ ఇన్ 69’లో నటులు ప్రేక్షకులతో స్పర్శను పంచుకునే ఘట్టం ఒకటి ఉండేది. నటీమణులు అభ్యంతరం తెలపడంతో ఆ ఘట్టాన్ని మార్చవలసి వచ్చింది. అక్కడ ముసుగు లేదు, దీపాలు ఉన్నాయి, అయినా ఇబ్బంది తప్పలేదు.

4. నిజసుఖాదివివశీభావం:

అభినవగుప్తుడు చెప్పిన మూడవ విఘ్నం నిజసుఖాదివివశీభావం. తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉన్నవాడు మరొక వస్తువుపై మనసు నిలపలేడు. ఇంట్లో కూతురి పెళ్ళి గురించి ఆలోచిస్తూ సభలో కూర్చున్నవాడికి శకుంతల వీడ్కోలు తలకెక్కదు. ఈ విఘ్నాన్ని తొలగించడానికే గీతం, వాద్యం, అలంకరించిన మండపం మొదలైనవి ఏర్పడ్డాయన్నది అతని మాట.

పంచ్‌డ్రంక్ శైలిలో గీతవాద్యాలకూ మండపానికీ కొదవ లేదు. ప్రతి గదికీ ఒక వాసన, ఒక చప్పుడు ఉంటాయి. హిచ్‌కాక్ చిత్రాల సంగీతం అంతస్తులన్నిటినీ ఏకం చేస్తుంది. అయినా ఈ రీతి పుట్టించే సొంత చింతలు మరే రీతిలోనూ లేవు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలి? మెట్లెక్కి పరుగెత్తుతున్న ఆ పాత్రను వెంబడించాలా, ఈ ఉత్తరాలు చదవాలా? మరోచోట ముఖ్యమైనదేదో జరిగిపోతోందా? రంగశాలలో కూర్చున్న ప్రేక్షకుడికి దర్శకుడు ఈ చింతలన్నిటినీ తీర్చి పెడతాడు. ఇక్కడ అవన్నీ ప్రేక్షకుని నెత్తినే ఉంటాయి. స్వేచ్ఛ పేరుతో అతని చేతికి వచ్చింది నష్టభయం. డంకన్ మరణానికి చేరుకునే లోగానే అతడు తన సాయంత్రం వృథా అవుతుందేమోనని దిగులుపడతాడు. ఒక పాత్ర వెనుక ఇరవైమంది ఇరుకు మెట్లపై మోచేతులతో తోసుకుంటూ పరుగెత్తుతున్నప్పుడు వారి మనసుల్లో స్థాయీభావంగా ఉన్నది భయానకానికి మూలమైన భయమో, కరుణకు మూలమైన శోకమో కాదు. రైల్వేస్టేషన్లో ప్లాట్‌ఫారం మారిందని విన్నవారి ఆత్రుత.

ఈ ఆత్రుతను రీతి తన ఇంధనంగా వాడుకుంటుంది. నటుడు ఉన్నట్టుండి గుంపులోంచి ఒకరి చెయ్యి పట్టుకొని, తాళం వేసిన గదిలోకి తీసుకువెళ్ళి, ముసుగు తీసి, కళ్ళలోకి చూస్తూ చెవిలో నాలుగు మాటలు చెప్పే ఘట్టాలు ఇందులో కొన్ని ఉన్నాయి. అవి సాయంత్రానికి ఏ కొద్దిమందికో దక్కుతాయి. ఆ గదిలోకి వెళ్ళినవారు దానిని జీవితంలో మరువరాని సంఘటనగా చెప్పుకుంటారు. దాని కోసమే పదులసార్లు తిరిగి వచ్చినవారూ ఉన్నారు. టికెట్ వెల వంద డాలర్లకు పైబడిన చోట, మరికొంత చెల్లిస్తే ముందుగా లోపలికి వెళ్ళే వీలున్న చోట, ఆల్‌స్టన్ విమర్శను తోసిపుచ్చడం కష్టం.

కాని ఆల్‌స్టన్ గమనించిన దానికి రసదృష్టి ఇంకొక అంశాన్ని చేరుస్తుంది. ఆ గదిలో ముసుగు తీసినప్పుడు జరిగేది సామాజికమైన అసమానత ఒక్కటే కాదు, సౌందర్యపరమైన విచ్ఛేదం కూడా. అంతవరకు పేరులేని చూపుగా ఉన్నవాడు ఒక్కసారిగా ‘నేను’ అవుతాడు. ‘నన్నే ఎన్నుకున్నారు’ అనుకోవడం స్వగతత్వానికి పరాకాష్ఠ. ఆ పారవశ్యం ఎంత గాఢమైనా దానిని రసమనడానికి నేను సిద్ధంగా లేను. ప్రేమలేఖ అందుకున్నవాడి ఆనందమూ గాఢమే. ఆ ఆనందం మేఘసందేశాన్ని చదివినవాడి ఆనందం కాదు. నిమగ్న రంగస్థలంపై వెలువడుతున్న అనుభవ కథనాల్లో సగం ప్రేమలేఖ అందుకున్నవారి కథనాలే.

5. డేరాలో మౌనసాక్షి:

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి ఈ ప్రదర్శనను తిరస్కరిస్తున్నానని అనుకోరాదు. ఇందులో ఒక ఘట్టం నిమగ్న రంగస్థలానికి మాత్రమే సాధ్యమైన పనిని చేస్తుంది.

షేక్‌స్పియర్ డంకన్ హత్యను రంగంపై చూపడు. మాక్‌బెత్ బాకు చూస్తూ వెళ్ళిపోతాడు, తిరిగివచ్చేటప్పటికి చేతులు ఎర్రబడి ఉంటాయి. నాలుగువందల ఏళ్ళుగా ప్రేక్షకులు ఆ గది బయటే ఉండిపోయారు. ‘స్లీప్ నో మోర్’ వారిని లోపలికి తీసుకువెళుతుంది. తెరలు వేలాడే డేరావంటి విడిదిలో ముసలిరాజు నిద్రకు ఉపక్రమిస్తాడు. మాక్‌బెత్ దిండుతో అతని ఊపిరి ఆపుతాడు. ఇదంతా చేయి చాచితే అందేంత దూరంలో జరుగుతుంది. చుట్టూ పది పదిహేను తెల్లముఖాలు. ఎవరూ మాట్లాడరు, మాట్లాడకూడదన్నది నియమం. ఎవరూ ఆపరు, ఆపవచ్చునన్న ఊహ కూడా ఎవరికీ రాదు. హత్య పూర్తికాగానే హంతకుడు పరుగెత్తుతాడు. సాక్షుల్లో అధికభాగం శవాన్ని వదిలి అతని వెంటే పరుగెత్తుతారు.

ఆ పరుగులో ఈ ప్రదర్శన మాక్‌బెత్ నాటకంపై ఒక వ్యాఖ్యానం చేసిందని నా అభిప్రాయం. నాటకంలో హంతకులకన్న ఎక్కువమంది ఉన్నది తెలిసి ఊరుకున్నవారే. బాంకోకు అనుమానం ఉంది, నోరు మెదపడు. రాస్ అందరి వద్దా ఉంటాడు, గాలివాటం చూసుకొని కదులుతాడు. స్కాట్లండ్ దేశమంతా ఇలా మౌనంతో బతుకుతుంది. కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుడు ఈ విషయాన్ని అర్థం చేసుకుంటాడు. డేరాలో నిలబడినవాడు దానిని చేస్తాడు. అతనికి తోచే అపరాధభావం, ఆ క్షణంలో తోచకపోయినా మరునాడు తోచేది, అతని సొంత సుఖదుఃఖాలకు చెందినది కాదు. అది నియమాన్ని పాటించిన ప్రతివాడికీ చెందుతుంది. ముసుగు ఇక్కడ మాత్రమే నిజమైన సాధారణీకరణాన్ని సాధిస్తుంది. ఎవడో ఒక సాక్షి కాక, సాక్షి అనేవాడే అక్కడ నిలబడి ఉంటాడు.

నా ఫిర్యాదల్లా, ప్రదర్శన తాను సాధించినదాన్ని తానే నిలుపుకోదన్నది. మూడవ చక్రం చివర అందరినీ నాట్యశాలలోకి చేర్చి, విందుబల్లపై మాక్‌బెత్‌ను ఉరితీస్తారు. న్యాయం జరిగిపోతుంది. పాత ప్రేమగీతం వినిపిస్తుంది. నటులు చేతులు పట్టుకొని ప్రేక్షకులను మద్యశాలకు తిరిగి నడిపిస్తారు. సాక్షిగా మారినవాడు క్షణాల్లో మళ్ళీ వినియోగదారుడు అవుతాడు. అతని మౌనానికి ప్రదర్శనలో ఏ లెక్కా ఉండదు.

లెక్క ఉండటం అంటే ఏమిటో చెప్పడానికి షెక్నర్ ప్రదర్శనకే మరొకసారి వెళ్ళాలి. ‘డయొనైసస్ ఇన్ 69’ ఒకనాటి ప్రదర్శనలో కొందరు విద్యార్థులు పెంథియస్‌ను చావు నుంచి తప్పించాలని నిశ్చయించుకొని వచ్చి, ఆ పాత్రధారిని రంగస్థలంపై నుంచి బలవంతంగా మోసుకుపోయారు. ప్రేక్షకుల్లోంచి ఒకరు ఆ పాత్రను తీసుకుంటే తప్ప నాటకం ముగియలేదు. ఆ విద్యార్థులు చేసింది మంచిపనా చెడ్డపనా అన్నది వేరు విషయం. వారి చర్యకు ప్రదర్శన జవాబు చెప్పవలసి వచ్చింది. అగస్తో బోవాల్ ఫోరం థియేటర్‌లో ఈ అవకాశమే పద్ధతిగా మారింది. ప్రేక్షకుడు ‘ఆపండి’ అని లేచి, పీడితపాత్ర స్థానంలో నిలబడి కథను వేరొక దారి పట్టించి చూడవచ్చు. పశ్చిమబెంగాల్‌లో 1985లో ఏర్పడిన ‘జనసంస్కృతి’ బృందం గ్రామాల్లో ఈ పద్ధతినే అనుసరిస్తోంది. అక్కడ గదులు లేవు, వాసనలు లేవు, ముసుగులు లేవు. ఇంద్రియనిమగ్నత దాదాపు శూన్యం. పాల్గొనడం మాత్రం సంపూర్ణం. నిమగ్నతనూ పాల్గొనడాన్నీ పర్యాయపదాలుగా వాడే అలవాటును మనం మానుకోవాలి.

6. ‘మనకిది కొత్త కాదు’ అనే వాదం:

చిత్తూరు ప్రాంతంలో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల వద్ద జరిగే భారత ఉత్సవాలను నిమగ్న రంగస్థలానికి పూర్వరూపంగా చెప్పడం మన సదస్సుల్లో తరచుగా వినబడుతోంది. పైకి చూస్తే పోలిక బలమైనదే. పద్దెనిమిది రోజులపాటు పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. ఊరంతా రంగస్థలమవుతుంది. బకాసురవధనాడు భీమ వేషధారి బండిపై వీధులన్నీ తిరుగుతాడు, ఇళ్ళవాళ్ళు తెచ్చిన అన్నం బండికెక్కుతుంది. అర్జున తపస్సునాడు వేషధారి పద్యాలు పాడుతూ ఎత్తైన మాను ఎక్కుతాడు. సంతానం కోరే స్త్రీలు ఉపవాసముండి, తడిబట్టలతో మాను చుట్టూ సాష్టాంగపడి, పైనుంచి అతడు విసిరే నిమ్మకాయల కోసం, విభూతి కోసం ఎదురుచూస్తారు. దుర్యోధన వధనాడు నేలపై మట్టితో మలచిన భారీ విగ్రహం వద్ద యుద్ధం జరుగుతుంది, ద్రౌపది జుట్టు ముడుచుకుంటుంది. ఆపైన అగ్నిగుండ ప్రవేశం.

ఇక్కడ ప్రేక్షకుడు నిస్సందేహంగా పాల్గొంటున్నాడు. కాని మాను కింద పడుకున్న స్త్రీ పరిస్థితిని రసవిఘ్నాల దృష్టితో చూస్తే పోలిక బీటలువారుతుంది. ఆమె అచ్చంగా నిజసుఖదుఃఖాలకు వశమైనది. ఆ దుఃఖంతోనే వచ్చింది. అర్జునుడి తపస్సు ఆమెకు ఆస్వాదించవలసిన వస్తువు కాదు, ఫలించవలసిన మొక్కు. అభినవగుప్తుడు విఘ్నమన్నదే ఆమెను అక్కడికి రప్పించింది. అందుచేత దానిని రసప్రధానమైన నాట్యంగా కాక, నాట్యం తోడు తెచ్చుకున్న వ్రతంగా చూడాలి. మరొక తేడా ఇంకా ముఖ్యమైనది. ఆమె ముఖం తెరిచే ఉంది. ఊరివాళ్ళందరికీ ఆమె ఎవరి కోడలో తెలుసు. ఏడాది తిరిగాక ఆమె ఒడిలో బిడ్డ ఉందో లేదో కూడా చూస్తారు. ఆమె పాల్గొనడానికి ముందొక గతం, వెనుకొక పర్యవసానం ఉన్నాయి. చెల్సీ గిడ్డంగిలో దండిగా ఖర్చుపెట్టి సృష్టించలేనిది ఇదే.

దీన్ని చూసి గర్వపడటానికి తొందరపడనక్కర్లేదు. బండికి అన్నం ఏ వీధి నుంచి వస్తుంది, ఏ వీధికి బండి వెళ్ళదు, వేషం కట్టే హక్కు ఎవరిది, గుడిలోపలికి ఎవరు వస్తారు అన్న ప్రశ్నలకు కులం చాలాకాలం జవాబు చెప్పింది. సంతానం లేకపోవడాన్ని స్త్రీ ఒక్కతే నలుగురిలో పడుకొని మోయవలసిన లోపంగా చూపడంలో ఉన్న క్రూరత్వాన్ని ‘జనభాగస్వామ్యం’ అనే మెచ్చుకోలు మాట కప్పిపెడుతుంది. ముసుగు లేకపోవడం ప్రతిసారీ వరం కాదు. న్యూయార్క్ ప్రేక్షకుడికి బాధ్యత లేని అజ్ఞాతం దొరికితే, మాను కింది స్త్రీకి తప్పించుకోలేని గుర్తింపు దొరుకుతోంది. రెండింటినీ ‘పాల్గొనడం’ అనే ఒక్కమాట కింద చేర్చితే రెండూ అర్థంకాకుండా పోతాయి.

7. విమర్శకుడి చిక్కు:

ఒకే రాత్రి ‘స్లీప్ నో మోర్’ చూసిన ఇద్దరు ఒకే ప్రదర్శనను చూడరు. ఒకరు మూడు గంటలూ లేడీ మాక్‌బెత్ వెంట తిరుగుతారు. మరొకరు ఆస్పత్రి మంచాల మధ్య ఒంటరిగా కూర్చుంటారు. మాక్డఫ్ పిల్లల గదిలోని అద్దంలో మాత్రమే నెత్తుటి పరుపు కనబడుతుందన్న సంగతి తెలియకుండా ఆ గది దాటిపోయేవారు ఎందరో. అప్పుడు విమర్శకుడు దేనిని గురించి రాస్తున్నట్లు? పాఠం అందరికీ ఉమ్మడి అన్న నమ్మకంపైనే సాహిత్య విమర్శ నిలబడింది. అది ఇక్కడ చెల్లదు. ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి చాలా వ్యాసాలు ఆత్మకథగా మారాయి. ‘నేను నడిచాను, నాకు భయమేసింది, నా చెయ్యి పట్టుకున్నారు’ అనే వరుసలో సాగే రచన చదవడానికి బాగుంటుంది. దానిని పరిశోధనలో ఆధారంగా స్వీకరించాలంటే ఆ వ్యక్తి ఎన్నవ చక్రంలో, ఎవరి వెంట, ఎంతమంది మధ్య, ఏ వెలకు కొన్న ప్రవేశంతో ఉన్నాడో చెప్పాలి. అవి లేకపోతే అనుభవం వర్ణనగా మిగులుతుంది.

ఉమ్మడిగా ఉన్నవాటిపై విమర్శను ఆనించడం ఒక మార్గం. నియమాలు అందరికీ ఉమ్మడి. గంటకొకసారి తిరిగే కాలచక్రం ఉమ్మడి. మూసి ఉన్న తలుపులు ఉమ్మడి. రాత్రికి మూడుమార్లు అదే హత్యను, అదే స్నానాన్ని, అదే పరుగును, ముఖాలు కనబడని గుంపు మధ్య చేయవలసిన నటుని శ్రమ కూడా ఉమ్మడే. ప్రేక్షకానుభవంపై వెలువడే రచనల్లో దానికి చోటు తక్కువ. పాల్గొనే ప్రేక్షకుణ్ణి అధ్యయనం చేయాలంటే అతణ్ణి మోస్తున్నవారిని కూడా చూడవలసి ఉంటుంది.

ఇదే జాగ్రత్త మన క్షేత్రపర్యటనలకూ అవసరం. భారత ఉత్సవాలపై పనిచేసే పరిశోధకులు మేళాల పేర్లు, పద్యాలు, వేషాలు, రంగస్థల సామగ్రి శ్రద్ధగా నమోదు చేస్తారు. అన్నం బండి ఆగిన ఇళ్ళ వరుసను, ఆగని ఇళ్ళను కూడా రాసుకోవచ్చు. తపస్సునాడు ఎంతమంది స్త్రీలు మాను కింద పడుకున్నారన్న లెక్కతో పాటు, ఉపవాసముండి, స్నానం చేసి, అక్కడిదాకా వచ్చి, అర్జునుడు మాను ఎక్కకముందే లేచి ఇంటికి వెళ్ళిపోయిన స్త్రీ ఎవరైనా ఉంటే, ఆమె ఎందుకు వెళ్ళిందో అడిగి రాయాలి.